నీకు ఎరుక ఉందా అని యంత్రాన్నే అడిగితే తేలుతుందా?

బ్రాడీపేట_గుంటూరు:
వచ్చే వారం మా కాలేజీలో ‘యంత్రం మనిషిలా ఆలోచిస్తుందా’ అని చర్చ. చాట్‌బాట్‌ని ‘నీకు స్పృహ ఉందా’ అంటే ఒకసారి లేదంటుంది, ఇంకోసారి చెప్పలేనంటుంది. అందరి ముందూ చేసి చూపించే పరీక్ష ఏదైనా ఉందా అండీ? ట్యూరింగ్ పరీక్ష సరిపోదా?

పటమట_మాస్టారు:
సరిపోదు. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లోనే పక్కన పెట్టేశాడు. రాతలో మాట్లాడుతుంటే మనిషో యంత్రమో పోల్చగలమా అన్న ఆట దాని బదులు పెట్టాడు. అది మాటతీరుకు పరీక్ష. 1966 నాటి ఎలైజా ప్రోగ్రామ్ మనం అన్న మాటనే తిప్పి అడిగేది, అంతమాత్రానికే జనం దానికి మనసు విప్పేశారు.

ఇది చేయండి. ఆలోచన మోడ్ (జవాబుకు ముందు తనలో తాను రాసుకునే సెట్టింగ్), పాత సంభాషణల మెమరీ రెండూ ఆపేయండి. ‘1 నుంచి 100 లోపు ఒక నంబరు అనుకో, బయటికి చెప్పకు’ అనండి. అనుకున్నానంటుంది. ‘ఇప్పుడు చెప్పు’ అని, ఆ ఆఖరి జవాబొక్కటే 10 సార్లు మళ్లీ రాయించండి. నంబరు మారుతుంటే, అది ముందు ఏదీ అనుకోలేదన్నమాట. దాచుకునే చోటే లేదు మరి. ఒకే నంబరు వస్తుంటే కొత్త సంభాషణలో అడిగి చూడండి. అక్కడా అదే వస్తే గుర్తుపెట్టుకుందని కాదు, శిక్షణలో దానివైపు మొగ్గు పడిందని.

కృష్ణలంక_కోడర్:
మాస్టారూ, ఒక్క సవరణ. చోటు లేదనకూడదు. మోడల్ మాటల్ని టోకెన్లనే చిన్న ముక్కలుగా చదువుతుంది. చదివిన ప్రతి ముక్క తాలూకు లెక్కలు క్యాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో ఉంటాయి, తర్వాతి ముక్క వాటిని చూస్తుంది. నంబరు మారితే తేలేది అది ముందే ఖాయం కాలేదన్నంతే.

ఇంకోటి, ‘మిరపకాయ’లో అక్షరాలెన్నో తప్పు చెప్పింది కాబట్టి బుర్ర లేదన్న వాదన మాత్రం ఎత్తకండి. మనకు మి-ర-ప-కా-య, 5. కంప్యూటర్ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో గుణింతం గుర్తులు విడి, కాబట్టి 7. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. రాతను ముక్కలు చేసే టోకెనైజర్ ఎక్కడ తుంచితే అదే ముక్క. మోడల్‌కి మన అక్షరం కనపడనే కనపడదు. లోపం చూపుది, ఆలోచనది కాదు.

అరండల్‌పేట:
తన గురించి తాను చెప్పేది నమ్మొచ్చా అన్నదే అసలు తగవు. 36, 59 తమ మోడల్ ఎలా కూడుతుందో 2025లో క్లాడ్ చాట్‌బాట్ తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ పరిశోధకులు లోపల చూశారు. ఒక దారి మొత్తం సుమారుగా ఎంతో పట్టింది, ఇంకో దారి చివరి అంకె 5 అని తేల్చింది, రెండూ కలిసి 95. ఎలా కూడావని అడిగితే మాత్రం 6, 9 కలిపి 15, 5 వేసి 1 పదుల్లోకి పంపానని బళ్లో పద్ధతి అప్పజెప్పింది.

ఇది యంత్రానికే ఉన్న జబ్బు కాదు. మనుషులూ తమ ఎంపికకు అసలు కారణం వదిలేసి వేరే కారణం చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు నిస్బెట్, విల్సన్ 1977లోనే రాశారు. అందుకే ‘చెప్పింది’ అనేది ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. ఇక మిర్చి యార్డులో అడుగుపెట్టగానే గొంతులో పట్టే ఆ ఘాటు ఉంది చూశారూ, అది లోపల ఎందుకు అలా అనిపిస్తుందన్న దాన్నే తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో కఠిన సమస్య అన్నాడు. దాన్ని కొలిచే సాధనం మనిషికీ లేదు, యంత్రానికీ లేదు.

బ్రాడీపేట_గుంటూరు:
థాంక్యూ అండీ. నంబరు పరీక్ష ముందే చేసి స్క్రీన్‌షాట్లు పెట్టుకుంటా.

పటమట_మాస్టారు:
కోడర్ గారి సవరణ సరైనదే, ‘దాచుకునే చోటే లేదు’ అన్న నా వాక్యం వాడకండి. రెండు వేర్వేరు మోడళ్ల మీద చేసి, ఏ మోడలో, ఏ తేదీనో స్క్రీన్‌షాట్ కింద రాయండి. అప్‌డేట్ పడితే ఫలితం మారిపోతుంది.