ప్రతిపక్ష ఎమ్మెల్సీ గొంతు చించుకుంటే సీపీఎస్ పోతుందా?

గోదారి_ఎస్జీటీ:
మేమంతా ఏపీలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన టీచర్లం, అంటే పాత పెన్షన్ కాదు, మా జీతంలోంచి కొంత కట్టే సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్). మండలిలో ప్రతిపక్షం వాళ్లో, టీచర్, గ్రాడ్యుయేట్ సీట్లలో గెలిచే పీడీఎఫ్ ఫ్రంట్ వాళ్లో లేచి గట్టిగా నిలదీస్తే ఆ వీడియో మా గ్రూపుల్లో రెండ్రోజులు తిరుగుతుంది, బిల్లు మాత్రం పాసైపోతుంది. సంఖ్యాబలం లేని సభ్యుడు పెన్షన్ మీద, బడుల మీద నిజంగా ఏం చేయగలడు? పార్టీ గొడవలు వద్దు ప్లీజ్.

పాత_యూనియన్:
ఆపలేడు తమ్ముడూ. రాజ్యాంగం 197వ అధికరణ ప్రకారం మండలి మామూలు బిల్లును మొదట మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల, అంతకు మించి పట్టుకోలేదు. సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం బిల్లు సంగతే చూడు. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీ పాస్ చేస్తే, అప్పట్లో మండలిలో మెజారిటీ ప్రతిపక్షానిది కాబట్టి మీడియం ఎంచుకునే వీలుండాలని సవరణలు పెట్టి తిప్పి పంపారు. 2020 జనవరిలో అసెంబ్లీ వాటిని పక్కన పడేసి మళ్లీ పాస్ చేసింది. అయితే ఏప్రిల్‌లో హైకోర్టు ఇంగ్లిష్ మీడియం మీద ఇచ్చిన జీవో 81, 85 కొట్టేసింది. అది మండలి ఘనత అనను గానీ, మీడియం ఎంపిక పిల్లలది, తల్లిదండ్రులది అన్న వాదనే అక్కడా నెగ్గింది.

బేసిక్‌లో_సగం:
ప్రతిపక్షంలో ఉన్నంతకాలం అందరూ మనవాళ్లే అన్నా. జగన్ పాదయాత్రలో వారంలో సీపీఎస్ రద్దు అన్నారు, 2019లో గెలిచారు, 2023 సెప్టెంబర్‌లో చేతిలో పెట్టింది జీపీఎస్: చివరి బేసిక్‌లో 50 శాతం గ్యారంటీ, మన జీతంలో 10 శాతం కోత మాత్రం అలాగే. పార్టీ గొడవ వద్దన్నావు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నా. సభలో ఏం మాట్లాడారని కాదు, అధికారంలోకి వచ్చాక ఏం చేశారో అడగాలి.

పాత_యూనియన్:
అది నిజమే, కాదనను. పీడీఎఫ్ వాళ్లు మాత్రం ఎవరు గద్దె మీదున్నా సీపీఎస్, జీపీఎస్ రెండూ వద్దంటూనే ఉన్నారు.

డీఎస్సీ2003:
వీడియోలు వదిలేయండి, ప్రశ్న వేయించండి. సభలో ప్రశ్న పడితే మంత్రి జవాబు రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత మాట మార్చడం కష్టం. మా డీఎస్సీ (టీచర్ పోస్టుల) నోటిఫికేషన్ 2003లో వచ్చింది, ఉద్యోగంలో చేరేసరికి సీపీఎస్ గీత దాటిపోయింది. కేంద్రం 2023 మార్చిలో మెమో 57 ఇచ్చి తన ఉద్యోగుల్లో ఇలాంటివాళ్లకు పాత పెన్షన్ ఎంచుకోమంది. అదే మాకెందుకు వర్తించదని అడగడానికి మెజారిటీ అక్కర్లేదు, ఫైలు చదివే ఓపిక ఉన్న ఒక్క సభ్యుడు చాలు. బయట సంఘాలు కూడా కదలాలి, అది వేరే సంగతి. బడుల్లో టీచర్ పోస్టులు సర్దుబాటు చేసిన 117 జీవో మీద ఎంత కాలం కొట్లాడితే రద్దయింది?

అన్నట్టు గోదారి గారూ, మీరు ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీ అయితే టీచర్ ఎమ్మెల్సీకి మీకు ఓటే ఉండదు, అది హైస్కూలు, ఆపై వాళ్లకే. డిగ్రీ అయి మూడేళ్లు దాటి ఉంటే గ్రాడ్యుయేట్ ఓటుకు ఫారం 18 పెట్టుకోండి. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా రాస్తారు, పోయినసారి ఉంది కదా అని ఊరుకోకండి.

గోదారి_ఎస్జీటీ:
ఓటు లేదని ఇప్పుడే తెలిసింది సార్ 😅 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?