ముసుగు పేరుతో రాసేవాడి అసలు పేరు అడిగే హక్కు మనకుందా?

పెసరట్టు_ఉప్మా:
మా అమ్మాయి చదివే లా కాలేజీలో మొన్న శనివారం ప్యానెల్ పెట్టారు, ఆన్‌లైన్‌లో మాట, పరువు అని టాపిక్. పేరెంట్స్ కూడా రావొచ్చంటే వెళ్ళా. లాయర్ గారొకాయన ముసుగు పేరుతో బురద చల్లేవాడికి రక్షణ ఎందుకండీ, ప్రతి అకౌంటుకీ ఐడీ ప్రూఫ్ అడిగితే సగం చెత్త పోతుంది అన్నారు. ప్రొఫెసరమ్మ వెంటనే మహారాష్ట్రలో 2012 పాల్‌ఘర్ సంగతి ఎత్తింది. బాల్ ఠాక్రే పోయినప్పుడు బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో ఒకమ్మాయి రాస్తే, లైక్ కొట్టిన అమ్మాయిని కూడా అరెస్ట్ చేశారు కదా, ఇద్దరూ సొంత పేర్లతో ఉన్నారు కాబట్టే అంత తేలిగ్గా దొరికారు అంది. చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి, నేనూ ఇద్దరికీ కొట్టా. మీరేమంటారు?

ఉప్పల్_మామ:
లాయర్ గారు చెప్పిందే కరెక్టు. నాకు మెస్ ఉండేది, 40 మంది పిల్లలు తినేవాళ్ళు. ఎవడో పేరు లేకుండా పప్పులో పురుగులని రాశాడు. నెల తిరిగేసరికి 15 మంది మానేశారు. ఆ సైటోళ్ళకి నాలుగుసార్లు మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. పరువు పోయాక ప్రొఫెసర్లొచ్చి తెస్తారా?

లా_పాయింట్:
మామా, మీ మెయిల్‌కి వాళ్ళు తీసెయ్యాల్సిన పనిలేదు. ఆన్‌లైన్‌లో రాసిన మాటకి అరెస్ట్ చెయ్యనిచ్చే ఐటీ చట్టం 66ఏని 2015 మార్చి 24న కొట్టేసిన అదే తీర్పులో సుప్రీంకోర్టు, వేరేవాళ్ళు రాసినదానికి సైటుని కాపాడే సెక్షన్ 79 గురించి కూడా చెప్పింది, కోర్టు ఆర్డరో ప్రభుత్వ ఆర్డరో వస్తేనే సైటుకి "తెలిసినట్టు" లెక్క. ఊరూపేరూ తెలియనోడి మీద కూడా సూట్ వెయ్యొచ్చు, అలాంటి ఆర్డర్లకి మన దగ్గర అశోక్ కుమార్ ఆర్డర్లని పేరే ఉంది. కాకపోతే సివిల్ దావాకి గడువు ఏడాదే.

ఉప్పల్_మామ:
40 మందికి వండేవాడు కోర్టుకెళ్ళాలా? పొద్దున 4కి లేస్తా నేను. అయినా మన సికింద్రాబాద్ కేసులో గూగులే ఓడిపోయింది కదా, రేకుల కంపెనీ వేసింది.

లా_పాయింట్:
ఓడిపోలేదు. విశాక ఇండస్ట్రీస్ కేసు అది. ఆస్‌బెస్టాస్ వద్దనే గ్రూపులో 2008లో వచ్చిన పోస్టుల మీద సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ దగ్గర క్రిమినల్ కేసు వేశారు, గ్రూపు నడిపినాయనతో పాటు గూగుల్ ఇండియాని కూడా కలిపారు. మమ్మల్ని తప్పించండని గూగుల్ పైదాకా వెళ్తే 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కుదరదు, ట్రయల్‌లో తేల్చుకోండి అంది, అప్పటి పాత సెక్షన్ 79 పరువునష్టానికి వర్తించదని. అది ఓటమి కాదు, విచారణ జరగాలనడం.

ఉప్పల్_మామ:
తప్పించండని అడిగితే తప్పించలేదు. దాన్ని మా ఊళ్ళో ఓడిపోవడమే అంటారు.

లా_పాయింట్:
మీ ఊళ్ళో ఏమన్నా అనుకోండి, దోషి అని ఎవరూ తేల్చలేదు. 11 ఏళ్ళకి తేలింది కేసు నడవాలా వద్దా అన్నది మాత్రమే.

చిల్_మావా:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కానివ్వండి

రూమ్‌_12:
నిజం రాస్తే పరువునష్టం ఎలా అవుతుందండీ అసలు?

లా_పాయింట్:
సివిల్‌లో అయితే నిజమని రుజువు చేస్తే చాలు. క్రిమినల్‌లో నిజం ఒక్కటే చాలదు, జనం మేలు కోసం రాశానని కూడా చూపించాలి. పాత ఐపీసీలో పరువునష్టం సెక్షన్ 499 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356 అయింది, ఆ మెలిక అలాగే ఉంది. రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, ఇప్పుడు కొత్తగా సమాజసేవ కూడా వెయ్యొచ్చు.

రూమ్‌_12:
అయితే మామ ముందు ఇది చెప్పాలి. పప్పులో పురుగులు ఉన్నాయా లేవా?

ఉప్పల్_మామ:
నువ్వెవడివిరా అడగడానికి? నీ పేరేంటి ముందు?

రూమ్‌_12:
చూశారా. పురుగు గురించి అడిగితే నా పేరు అడుగుతున్నారు.

పెసరట్టు_ఉప్మా:
కొంచెం నెమ్మదిగా అండీ ఇద్దరూ

ఉప్పల్_మామ:
ఉన్నాయి. ఒక్కరోజు. వానాకాలం, కందిపప్పు బస్తా అడుగున పట్టింది, మా ఆవిడ చూసుకోలేదు. తెల్లారి బస్తా మొత్తం పారబోశాం, అది రాశాడా? రాయలేదు. నా బాధ పురుగు రాసినందుక్కాదు. వాడు నా చేత్తో వడ్డించుకుని తిన్నోడే, కంచం తీసి, చెయ్యి కడుక్కుని, వస్తా మామా అని కూడా చెప్పి పోయుంటాడు. పప్పు బాలేదు మామా అని ఒక్క మాట నోటితో అంటే నేనేమన్నా కొడతానా? మిగిలిన 25 మందిలో ప్రతి ఒక్కడి మొహం చూస్తూ వీడేనా వీడేనా అనుకుంటూ వడ్డించా. అట్టా వండలేం బాబూ.

రూమ్‌_12:
మామా నేను నోటితోనే చెప్పా. మా హాస్టల్లో నీళ్ళ ట్యాంకు కడగట్లేదని సొంత పేరుతో, రూమ్ నంబర్ వేసి కాలేజీ గ్రూపులో పెట్టా. హాల్ టికెట్ ఆపేసి మా నాన్నని పిలిపించారు. పొలం పని వదిలేసి బస్సెక్కి వచ్చి వాళ్ళ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు ఆయన. తప్పయిందని నాతో రాయించుకున్నారు. ట్యాంకు మాత్రం అలాగే ఉంది. అప్పట్నుంచి ఎక్కడా పేరు పెట్టను. మీరు కొట్టేవాళ్ళు కాదేమో, ఆ సంగతి మీ మెస్‌లో తినేవాడికి ముందే ఎలా తెలుస్తుంది?

ఉప్పల్_మామ:
నేనూ ఆ కాలేజీవాళ్ళూ ఒకటేనా?

రూమ్‌_12:
ఒకటి కాదు. కానీ ప్యానెల్లో లాయర్ గారు అడిగిన ఐడీ ప్రూఫ్ మీకొక్కరికే ఇచ్చే వీలుందా? ఆ కాగితం ముందు చేరేది వాళ్ళ దగ్గరికే.

ఉప్పల్_మామ:
మరి నా 15 మంది?

పెసరట్టు_ఉప్మా:
నిజం చెప్పాలంటే ఆ రోజు స్టేజీ మీద మెస్ నడిపినవాళ్ళూ లేరు, మెస్‌లో తినేవాళ్ళూ లేరు.

లా_పాయింట్:
అంతా బానే ఉంది కానీ గూగుల్ ఓడిపోలేదని మామ ఒప్పుకున్నట్టేనా?

ఉప్పల్_మామ:
ఒప్పుకోను.