ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వైరింగ్ నాసిగా చేస్తే ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న: కొత్తగా బిగించిన స్ప్లిట్ ఏసీ. బయటి యూనిట్ పక్కన కేబుల్‌కి నల్ల టేపు చుట్టి వదిలేశారు. కూలింగ్ బాగానే ఉంది. ఇంకేం చూడాలండి?

జవాబు 1: కూలింగ్ బాగున్నంత మాత్రాన వైరింగ్ బాగున్నట్టు కాదు. ఆ టేపు కింద మెలిపెట్టిన జాయింట్ ఉండే అవకాశమే ఎక్కువ. ఎండకి జిగురు వదులుతుంది, వాన నీళ్లు దిగుతాయి, రాగి చిలుము పట్టి జాయింట్ వేడెక్కుతుంది. కేబుల్ ఒకే ముక్కగా రావాలి.

జవాబు 2: ఎంసీబీ (కరెంటు బోర్డులో ఏసీకి సప్లై ఆపే స్విచ్) ఆపి, కరెంటు లేదని మల్టీమీటర్‌తో చూసుకున్నాకే పక్క మూత విప్పండి. కెపాసిటర్ జోలికి పోవద్దు, సప్లై ఆపినా ఛార్జ్ మిగిలి ఉంటుంది. టెర్మినల్‌లో ఒక్కో వైరూ మెల్లగా లాగండి. కదిలిందా, స్క్రూ వదులే. వైరు తొడుగు స్క్రూ కింద నలిగినా, రాగి పోగులు బయటికి వేలాడినా, టెర్మినల్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా మళ్లీ చేయించాల్సిందే. క్లాంప్ (కేబుల్ కదలకుండా పట్టి ఉంచే బిగింపు) కేబుల్ పైతొడుగుని పట్టాలి, లోపలి వైర్లని కాదు. దాన్ని అసలు బిగించనివాళ్లూ ఉన్నారు!

జవాబు 3: పై ఇద్దరూ ఎర్త్ సంగతి మర్చిపోయారు. పచ్చ వైరు కత్తిరించి మడిచేసినా యూనిట్ నడుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరి కంటా పడదు. బాడీ ఎర్త్ స్క్రూకీ సప్లై ఎర్త్‌కీ మధ్య, కరెంటు ఆపాకే, మీటర్ పెడితే 1 ఓమ్ లోపే చూపించాలి.

ప్రశ్న: కేబుల్ పొట్టిదైంది, మార్చకుండా కుదరదా?

జవాబు 1: తప్పదంటే ఐపీ65 (దుమ్ము, వాన నీళ్లు చొరబడని) బాక్స్‌లో, క్రింప్ కనెక్టర్లతో (వైరు మీద నొక్కి బిగించేవి) జాయింట్ చేయించండి. కేబుల్‌ని బాక్స్ అడుగు నుంచే ఎక్కించండి, పైనుంచి దింపితే నీళ్లు దాని వెంటే లోపలికొస్తాయి.