టకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టి గుంతల్లో కాల్చే జపాన్ పిండి ఉండలు) తిరగడం లేదు, గుంతకు అంటుకుపోతోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్

నిషికసాయి అమ్మ
మూడు గంటల నుంచి పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాను. నాలుగు వాయిలు పోశాను, నాలుగూ చెత్తబుట్టలోకే. పుల్లతో తిప్పబోతే పైభాగం చిప్పలా ఊడి వస్తోంది. అడుగు నల్లగా మాడిపోతోంది, మధ్యలో పచ్చిపిండి. మంట తగ్గించినా అంతే, పెంచినా అంతే. పిండి, గుడ్లు, నీళ్లు వీడియోలో చూపించినట్టే కలిపాను. మొన్న సెలవుల్లో ఒసాకా దోతోన్‌బొరిలో తిన్నప్పటి నుంచి మా బాబు అదే అడుగుతున్నాడు. ఆదివారం వాడి పుట్టినరోజు, ఏడుగురు పిల్లలు వస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు నుంచి
నూనె చాలలేదు. తొందరపడి తిప్పుతున్నారు.

ఇనుప పెనం
అమ్మా, తప్పు పిండిది కాదు, పెనానిది. కొత్త ఇనుప పెనాన్ని కడిగి నేరుగా పొయ్యి మీద పెడితే ఏ పిండైనా పట్టేస్తుంది. ముందు దాన్ని నూనెకు అలవాటు చేయాలి. పలచగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లారాక తుడిచి మళ్లీ రాయాలి. నాలుగైదుసార్లు చేస్తే నల్లటి పొర కడుతుంది. మా అమ్మ సగం కోసిన ఉల్లిపాయకు ఫోర్కు గుచ్చి, నూనెలో ముంచి, గుంత గుంతకూ రుద్దేది. ఆ పెనం ముప్పై ఏళ్లు పనిచేసింది. సబ్బు మాత్రం తగలనివ్వకండి. ఈరోజుల్లో అందరూ నాన్‌స్టిక్ కొని రెండేళ్లకు పారేస్తున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నిషికసాయి అమ్మ
పెనం కొత్తది కాదండి. మా అత్తగారు ఇచ్చిన ఇనుప పొంగణాల పెనం. కడప నుంచి తెచ్చుకున్నాను. పొంగణాలు దాని మీద చక్కగా ఊడి వస్తాయి.

గుంటూరు నుంచి
ఇది ముందే చెప్పాలి కదా. పొయ్యి ఏది? పిండి ఏది? కొలతలు ఎంత?

ఒసాకావాసి
అక్కా, పొంగణాల పెనం మీద కూడా వస్తాయి, నేను మొదటి ఏడాది దాని మీదే వేశాను. గుంత లోతు తక్కువ కాబట్టి పూర్తి గుండ్రంగా రావు, కాస్త బొద్దుగా వస్తాయి. పర్వాలేదు.

అసలు తేడా పిండి జారులో ఉంది. పొంగణాల పిండిలా గట్టిగా ఉండకూడదు. 100 గ్రాముల పిండికి 400 మిల్లీలీటర్ల దాషి (జపాన్ వంటల్లో వాడే రుచి నీళ్లు), రెండు గుడ్లు. గరిటెతో ఎత్తితే మజ్జిగలా కారాలి. గుంతలో నూనె కాస్త నిలబడాలి, పొగ లేవబోతున్నప్పుడు పిండి పోయండి. గుంత వరకే కాదు, పైన అంచులన్నీ మునిగేలా పోయాలి. దీనికి భయపడకండి, పొంగి పొర్లిన ఆ పిండే తర్వాత రెండో సగం అవుతుంది. ముక్కలు, తెన్‌కసు (నూనెలో వేగిన పిండి పలుకులు), అల్లం వేసి ఊరుకోండి. అంచులు తెల్లబడి గట్టిపడ్డాక గుంతల మధ్య పిండిని పుల్లతో గళ్లుగా కోయండి. ఒక్కోదాన్ని పావువంతు మాత్రమే తిప్పి, చుట్టూ ఉన్న రేకులను లోపలికి తోసేయండి. రెండు నిమిషాలాగి ఇంకో పావువంతు. ఒకేసారి బోర్లా తిప్పితే మీరు చెప్పినట్టు చిప్ప ఊడుతుంది.

ఇంకోటి, ఇక్కడ లోపల జారుగా ఉండడమే రుచి, తోరోతోరో అంటారు. వేడి వెన్నలా ఉంటే ఉడికినట్టే. పిండి వాసన వస్తేనే పచ్చి.

పులివెందుల
ఓహో, జపాన్ పునుగులన్నమాట.

ఇనుప పెనం
పునుగులు నూనెలో దేవేవి. ఇవి గుంతలో కాలేవి. పొంగణాలనండి.

పులివెందుల
మా వైపు వాటిని గుంత పునుగులు అనేవాళ్లు కూడా ఉన్నారు.

శాకాహారి
ఆ దాషి గురించి ఎవరూ చెప్పలేదు, నాకు అది ముఖ్యం. మామూలు దాషి పొడిలో ఎండుచేప ఉంటుంది. టకోయాకి పిండి అని అమ్మే ప్యాకెట్లలో కూడా చాలావాటిలో కలిపే ఉంటుంది. పుట్టినరోజుకు వచ్చే పిల్లల్లో చేప తిననివాళ్లు ఉంటే దయచేసి చూసుకోండి. లీటరు నీళ్లకు 10 గ్రాముల కొంబు (ఎండు సముద్రపు నాచు), రెండు ఎండు షీతాకే పుట్టగొడుగులు రాత్రి నానబెడితే చాలు. కొంబు మీద తెల్లటి పొడి బూజు కాదు, కడిగేయకండి, రుచి అందులోనే ఉంది. పైన చల్లే కత్సుఒబుషి కూడా చేపే.

నిషికసాయి అమ్మ
మంచి మాట చెప్పారండి, ఇద్దరు పిల్లలు తినరు. ఆక్టోపస్ మా బాబు కూడా తీసి పక్కన పెట్టాడు, అందుకే స్వీట్‌కార్న్, చీజ్ వేస్తున్నాను.

పులివెందుల
టకో అంటేనే ఆక్టోపస్ కదా. అది లేకపోతే టకోయాకి ఎలా అవుతుంది?

ఒసాకావాసి
ఆక్టోపస్ తర్వాత వచ్చిందే. ఒసాకాలో ఐజుయా అనే కొట్టువాళ్లు మొదట పశువు నరం వేసి రేడియోయాకి అని అమ్మేవారు. 1935లో ఆక్టోపస్‌కు మారారు. ఆకాషిలో అప్పటికే గుడ్డు ఎక్కువగా కలిపి ఆక్టోపస్ వేసేవారు, ఇప్పటికీ అక్కడ దాన్ని సాస్‌తో కాదు, దాషిలో ముంచుకుని తింటారు. ఇళ్లలో పిల్లలకు చీజ్, మోచి (బియ్యపు ముద్ద), సాసేజ్ అన్నీ వేస్తారు. చీజ్ మాత్రం పిండి మధ్యలో పెట్టండక్కా, గుంతకు తగిలితే అంటుకుంటుంది.

గుంటూరు నుంచి
పిండి ఏదో ఇంకా చెప్పలేదు.

నిషికసాయి అమ్మ
మైదానే అనుకుంటున్నాను. సూపర్‌మార్కెట్‌లో పిండ్ల వరుసలోంచి తెచ్చాను. ప్యాకెట్ మీద అట్ల బొమ్మ ఉంది, లావుపాటి అట్లు, పైన వెన్న ముక్క. కంజీ (జపనీస్ లిపి) నాకు చదవడం రాదు. కాసెట్ గ్యాస్ పొయ్యి మీద చేస్తున్నాను.

ఒసాకావాసి
దొరికింది. అది హాట్‌కేక్ మిక్స్ అక్కా. అందులో చక్కెర, బేకింగ్ పౌడర్ ఉంటాయి. లోపల ఉడికేలోపు చక్కెర అడుగున మాడి గుంతను పట్టేస్తుంది. ఎంత నూనె పోసినా లాభం లేదు. నోట్లో వేసుకుంటే తియ్యగా లేదా?

నిషికసాయి అమ్మ
తియ్యగానే ఉంది. స్వీట్‌కార్న్ వల్ల అనుకున్నాను.

ఒసాకావాసి
హకురికికో (ఏమీ కలపని మెత్తటి గోధుమ పిండి, మన మైదా లాంటిది) అని అడగండి, షాపులో చూపిస్తారు. కలిపాక అరగంట నాననివ్వండి. కాసెట్ పొయ్యి మంట మధ్యలోనే తగులుతుంది, అందుకని అంచు గుంతల్లోవి, మధ్యలోవి చోటు మార్చుతూ ఉండండి. కొట్లలో కూడా అలాగే మారుస్తారు.

ఇనుప పెనం
ముందు ఆ మాడిన చక్కెర తీయాలి. గీకకండి. నీళ్లు పోసి మరిగించి, మెత్తబడ్డాక గుడ్డతో తుడిచి, మళ్లీ నూనె పట్టించండి. అత్తగారిచ్చిన పెనం అంటున్నారు, జాగ్రత్త.

నిషికసాయి అమ్మ
పొద్దున హకురికికో తెచ్చాను. రెండో వాయి నుంచి తిరిగాయి. బాబు తొమ్మిది తిన్నాడు. థాంక్స్ అండి అందరికీ.

బెంగళూరు కోడలు
నా నాన్‌స్టిక్ పొంగణాల పెనం ఇండక్షన్ మీద అసలు వేడెక్కడం లేదు. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?