గజ్జికి యాంటీబాడీలు తయారవుతాయట కదా, మరి మళ్ళీ ఎందుకు వస్తోంది?

శ్రీలత, నంద్యాల:
మా బాబు ఏడో తరగతి, హాస్టల్లో ఉంటాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ పొక్కులు. గజ్జి అని డాక్టరు పెర్మెత్రిన్ క్రీము రాశారు, తగ్గింది. సంక్రాంతికి మళ్ళీ అదే. ఈసారి సెలవులకు ముందు పక్క మంచం పిల్లాడి దుప్పట్లో పడుకున్నాడట, రెండో రోజుకే దురద. ఇంకోచోట రక్తపరీక్ష చేసి ఐజీఈ అనే యాంటీబాడీ బాగా ఎక్కువుంది, ఎలర్జీ అన్నారు. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ రాదంటారు. దీనికి మాత్రం యాంటీబాడీలు ఎందుకు పనిచేయవు?

చర్మవైద్యురాలు:
శ్రీలత గారూ, ఆ రెండో రోజు దురదే మీ ప్రశ్నకు సగం జవాబు. గజ్జి పురుగు మొదటిసారి పట్టినప్పుడు దురద పుట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపు పిల్లాడు హాయిగా తిరుగుతూ పక్కవాళ్ళకు అంటిస్తాడు. రెండోసారి ఒంటికి ముందే పరిచయం కనుక ఒకట్రెండు రోజుల్లోనే మొదలు. 1940ల్లో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్ళబోమన్న యువకులు ముందుకొస్తే వాళ్ళలో ఇదంతా గమనించాడు. రెండోసారి పురుగు పట్టడం కాస్త కష్టమైంది, పట్టినా తక్కువే ఉన్నాయి. అంటే రక్షణ కొంత ఉంది, పూర్తిగా లేదు.

మామూలు గజ్జిలో ఒంటి మొత్తం మీద ఎదిగిన పురుగులు పది పదిహేనుకు మించవు. అన్ని పొక్కులూ వాటి గుడ్లకు, మలానికి మన ఒళ్ళు చూపే కోపమే. అదే చెక్కు కట్టిన గజ్జి చూడండి, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవాళ్ళకు వస్తుంది. పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. వాళ్ళ రక్తంలో ఐజీఈ, ఐజీజీ అనే ఇంకోరకం యాంటీబాడీ, రెండూ విపరీతంగా ఉంటాయి, అయినా పురుగు చావదు! పురుగు పేగుల్లో మన ఐజీజీ కనిపించింది. అక్కడే పురుగు, యాంటీబాడీలకు తోడుగా పోరాడే మన కాంప్లిమెంటు ప్రోటీన్లను అడ్డుకునే పదార్థాలు వదులుతుంది.

ఇక ఆ ఐజీఈ అంకె చూసి గజ్జి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఆస్తమా ఉన్నా, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది. ఇంటి దుమ్ములో ఉండే పురుగుల ప్రోటీన్లకూ గజ్జి పురుగు ప్రోటీన్లకూ పోలిక ఉంది, అదో చిక్కు. వేళ్ళ సందుల్లో పురుగు తవ్విన సన్నటి గీతల్లాంటి సొరంగాలు కళ్ళతో చూసి, అవసరమైతే గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చెప్పాల్సిన జబ్బు ఇది.

ఏఎన్ఎం, ప్రకాశం జిల్లా:
అమ్మా, పిల్లలు దురదున్న చోటే రాసుకుంటారు. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా రాత్రి రాసి పొద్దున స్నానం చేయించాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇంట్లో అందరూ, హాస్టల్ గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. వార్డెన్‌తో మీరే మాట్లాడండి, ఒక్క పిల్లాడికి మందు రాసి పంపితే లాభం లేదు.

శ్రీలత, నంద్యాల:
క్రీము రెండుసార్లూ రాశాం. రాత్రిళ్ళు ఇంకా గోక్కుంటున్నాడండీ.

చర్మవైద్యురాలు:
చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నన్నాళ్ళూ దురద ఉంటుంది, 2 నుంచి 4 వారాలు పట్టొచ్చు. భయపడి క్రీము మీద క్రీము రాయకండి. ఆ తర్వాతా తగ్గకపోయినా, కొత్త పొక్కులు లేచినా చూపించండి. గోకిన పుళ్ళు చీము పడితే మాత్రం అసలు ఆగొద్దు. చీము పట్టించే బాక్టీరియా వల్ల కిడ్నీలు వాచే ప్రమాదముంది. మూత్రం ఎర్రగా వచ్చినా, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.