శరధిం గప్పలి జోంగు... తర్వాత సంబన్లా, సమ్మన్లా?

కొత్తపేట, గుంటూరు: మా ఆఫీసుకు శ్రీలంక నుంచి మిర్చి బయ్యర్లు వస్తున్నారు. స్వాగతపత్రం పని నా నెత్తిన పడింది. శ్రీనాథుడి హరవిలాసంలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి ఓడల పద్యం వేద్దామంటే 'శరధిం గప్పలి జోంగు వల్లి వలికా' దగ్గర ఆగిపోయాను. తర్వాత సంబన్లా, సమ్మన్లా?

లబ్బీపేట: 'సమ్మన్లఁ దెప్పించు'. శరధికి అక్కడే యతి. స కదలదు.

బ్రాడీపేట మాస్టారు: స కదలదు సరే, పక్కది కదులుతుందిగా! 'సంబన్ల' అన్నా గణం చెడదు. తూర్పు తీరాల సంపాన్ పడవలే అవి. బ కాస్తా రాతగాడి చేతిలో మ అయ్యుంటుంది.

లబ్బీపేట: పాపం రాతగాడు! అరవం తంబి మనకు తమ్ముడు, వాళ్ళ కొంబు మనకు కొమ్ము. సంపాన్ సమ్మన్ కావడానికి ఎవరి తప్పూ అక్కర్లేదు మాస్టారూ.

గవర్నర్‌పేట: అసలు చిక్కు వల్లి, వలిక. ఒక ఓడ పేరా, రెండా? నాకైతే వల్లి అంటే అరవ వళ్ళమే.

బ్రాడీపేట మాస్టారు: అక్కడ ళ, ఇక్కడ ల. పైగా వళ్ళం చిన్న పడవండీ. పద్యంలో చెప్పిన తరుణాసీరి, తవాయి నుంచి, అంటే బర్మా తీరం నుంచి, కర్పూరం మోసుకొస్తుందా?

గవర్నర్‌పేట: పెద్ద ఓడ లోతు నీళ్ళలో ఆగిపోతే ఒడ్డుకు సరుకు చేర్చేది చిన్న పడవే కదండీ. ఆ మాటకొస్తే 'తెప్పించు'లో తెప్ప కూడా ఉంది!

కొత్తపేట: వల్లికీ వలికకూ మధ్య కామా పెట్టాలా, వద్దా? ప్రెస్ వాళ్ళు ఫోన్ మీద ఫోన్.

పటమట: లంక వాళ్ళకైతే 'సింహళంబున గంధసింధురంబులు దెచ్చి' సీసం వేయండి. ఏనుగులు తెచ్చుకున్నాం, మిరపకాయలు పంపిస్తున్నాం. నన్నడిగితే పద్యం కన్నా 1244 నాటి మోటుపల్లి రేవు అభయశాసనం మేలు. గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్ళు. కాకతీయ గణపతిదేవుడు కూపశుల్కం అనే సుంకం తప్ప ఇంకేమీ ముట్టనన్నాడు. వర్తకుడికి కావాల్సింది ఆ భరోసా.

లబ్బీపేట: శుల్కం అంటే శ్రీనాథుడే గుర్తొస్తాడు. సెట్టిగారి కర్పూరాన్ని అంతగా పొగిడినవాడు, చాటువు నిజమైతే, బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని 'ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు' అన్నాడు. కృష్ణ వరద పంటను మింగేసింది. ఆ 'ఎట్లు' దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

బ్రాడీపేట మాస్టారు: అన్నట్టు, కూపశుల్కంలో కూపం బావి కాదు, తెరచాప కొయ్య. కొయ్యకింత అని వసూలేమో.

లబ్బీపేట: కొయ్యకింత అయితే గంధానికింత, మిరియాలకింత, పోకలకింత అని శాసనంలో సరుకు వారీగా ఎందుకు చెక్కించాడండీ?