స్ట్రిప్ క్లబ్ లైసెన్సుపై అభ్యంతరం: ఏం రాస్తే కౌన్సిల్ పట్టించుకుంటుంది?

తూర్పు లండన్‌లో ఉంటాం. మా వీధి చివర మూతబడ్డ పబ్బులో స్ట్రిప్ క్లబ్ పెడతామని అద్దానికి నోటీసు అంటించారు. అడిగిన వేళలు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా. పక్క సందులోనే ప్రైమరీ స్కూలు. ఇరుగుపొరుగు సంతకాలతో "ఇది అసభ్యం" అని రాసి పంపితే, నైతిక అభ్యంతరాలు లెక్కలోకి రావని లైసెన్సింగ్ వాళ్లు తిప్పికొట్టారు. కౌన్సిలర్‌కి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. కింది ఇంటాయనైతే "పాడుబడ్డ కొంపకంటే నయం కదా" అంటాడు, అదీ ఓ వాదనే.

ఇలాంటి క్లబ్బుల లైసెన్సులకు వర్తించే 1982 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆ ప్రాంతం తీరు, చుట్టుపక్కల ఏమున్నాయో చూసి నిరాకరించవచ్చు. కానీ రాత్రి 9కి స్కూలు ఉండదుగా! దరఖాస్తు నాటి నుంచి ఇచ్చే 28 రోజుల గడువులో వారమే మిగిలింది. ఇలాంటి అభ్యంతరం నెగ్గించుకున్నవాళ్లు ఏ ఆధారాలు జతచేశారు?